ముప్పై ఒకటో పేజీలో తప్పు

“ఆ కాగితం చింపేస్తే పీడా పోతుంది కదండీ,” అన్నాడు డ్రైవరు.

నిజం చెప్పొద్దూ, లైబ్రేరియన్‌కు పొద్దుటి నుంచీ అదే ఆలోచన. చెయ్యి రాలేదంతే.

ఆ లైబ్రరీలో ప్రతి పుస్తకం వెనకా ఒక తెల్లకాగితం అతికించి ఉంటుంది. చదివినవాళ్ళు తమ అభిప్రాయం అందులో రాశాకే పుస్తకం తిరిగివ్వాలి. ‘నూరు లెక్కపెట్టేలోగా’ నవలకు ఒకటి చాలక మూడు కాగితాలు అతికించాల్సి వచ్చింది. భార్య చనిపోయి, చేతిలో పని లేని ఒక తండ్రి ఐదేళ్ళ కూతుర్ని బస్టాండులో బల్ల మీద కూర్చోబెట్టి, నూరు లెక్కపెట్టేలోగా వచ్చేస్తానని చెప్పి మళ్ళీ రాని కథ అది.

ఆ నవల రాసినావిడ ఇంకో గంటలో వస్తోంది. నెలాఖరుకు లైబ్రరీ మూసేస్తామని కమిటీవాళ్ళు తేల్చేశారు. పేరున్న మనిషి వచ్చి నాలుగు మంచి మాటలు చెబితే మెత్తబడతారేమోనని లైబ్రేరియన్ ఆశ. ఆవిడ వస్తానంది గానీ ఒక షరతు పెట్టింది. పాఠకులు రాసిన కాగితాలన్నీ చూపించాలి, ఒక్కటీ దాచకూడదు. ఏ ఊరు వెళ్ళినా ఇదే అడుగుతుందట.

“నేనూ తిట్టానుగా,” అంది టైలరమ్మ. “వాడు తండ్రేమిటి, బండరాయి అని రాశాను.”

“మీరలాగే అంటారు,” అన్నాడు డ్రైవరు. “ ఇంట్లో తిండి లేక, తోడు లేక ఆ మనిషి ఏం చెయ్యాలి?”

“పిల్లని చంకనేసుకుని అడుక్కోవాలి.”

“చెప్పడం తేలికే. అయినా కథంతా కల్పితమని మొదటి పేజీలోనే ఉంది. దానికింత ఆయాసమెందుకండీ?”

నెల రోజులుగా వీళ్ళిద్దరిదీ ఇదే గొడవ. లైబ్రేరియన్ భయం మాత్రం వీళ్ళ గురించి కాదు, ప్రూఫులాయన గురించి.

ప్రూఫులాయన ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైనవాడు. ఒంటికాయ సొంఠికొమ్ము. ఏ పుస్తకం చదివినా బాగుందో లేదో రాయడు, తప్పులు రాస్తాడు. ఫలానా పేజీలో అమావాస్యనాడు వెన్నెల కాసింది, ఫలానా పేజీలో చెయ్యి విరిగినవాడు మర్నాడే ఆ చేత్తో పెట్టె మోశాడు, ఇవీ ఆయన అభిప్రాయాలు. పెన్సిలు రాతే కదా అని లైబ్రేరియన్ రబ్బరుతో తుడిపేసేది. ఈ నవలను మాత్రం మూడుసార్లు రెన్యువల్ చేయించుకుని, చివరికి పెన్నుతో రాశాడు: ‘31వ పేజీ. పాప గౌను పసుపు కాదు, నీలం.’

“నీలమని పుస్తకంలో ఎక్కడుంది బాబాయిగారూ?” అని అడిగితే, “తప్పు తప్పేనమ్మా,” అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

తలాతోకా లేని ఆ పట్టింపు చూసి వచ్చినావిడ మొహం మాడ్చుకుంటే లైబ్రరీ మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే నిన్న బతిమాలింది. “రేపొక్కరోజు రాకండి బాబాయిగారూ, మీకు పుణ్యముంటుంది.” ఆయన సరేనన్నాడు.

రచయిత్రి వచ్చేసరికి కుర్చీలు నిండాయి. వెనక వరసలో పేపరు అడ్డం పెట్టుకుని ప్రూఫులాయన కూర్చుని ఉన్నాడు.

ఆవిడ పూలగుత్తి పక్కన పెట్టేసి కాగితాలు అడిగింది. నిలబడే చదవసాగింది. టైలరమ్మ తిట్టు చూసి నవ్వింది. డ్రైవరు జాలి చూసి తలూపింది. ‘ఏడుపుగొట్టు పుస్తకం, సగంలో వదిలేశాను’ అన్నదాన్నీ తేలిగ్గా దాటేసింది. మూడో కాగితం మధ్యలో ఆవిడ వేలు ఆగిపోయింది.

“ఇది రాసిందెవరు?”

“ఎవరో పాత మెంబరండీ. ఊరొదిలి వెళ్ళిపోయారు,” నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది లైబ్రేరియన్. “మీరేం పట్టించుకోకండి. ఆయన ఏ పుస్తకానికైనా అంతే.”

“నాకు ఆయనే కావాలి.”

గొంతు కరుకుగా ఉంది. ముందు వరసలో కమిటీ ప్రెసిడెంటు ఇబ్బందిగా కదిలాడు. అయిపోయింది, ఇక తాళం వేసుకోవడమే అనుకుంది లైబ్రేరియన్.

వెనక పేపరు మెల్లగా కిందికి దిగింది.

“నేనేనమ్మా రాసింది,” అంటూ లేచాడు ప్రూఫులాయన.

“మీరు కూర్చోండి బాబాయిగారూ,” లైబ్రేరియన్ దాదాపు ఏడుపు గొంతుతో అంది.

రచయిత్రి ఆ మాట విననట్టే కుర్చీల మధ్య నుంచి నడిచి వెళ్ళి ఆయన ఎదుట నిలబడింది.

“ఎన్నో ఊళ్ళు తిరిగాను. ఇన్నేళ్ళలో ఇంతమంది చదివారు. ఈ తప్పు ఒక్కరికీ కనబడలేదు.”

“క్షమించమ్మా,” అన్నాడాయన నేల చూపులు చూస్తూ. “తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. అలవాటైపోయింది.”

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది.

“ఆ తప్పు మీ కోసమే పెట్టాను, నాన్నా.”