హాల్లోని కంప్యూటర్

రాజ్యలక్ష్మమ్మ చాట ముందేసుకుని శెనక్కాయలు ఒలుస్తోంది. చూపు మాత్రం చాటలో లేదు. ముందు కూర్చున్న కూతురి భుజం మీదుగా కంప్యూటర్ తెర మీదే ఉంది.

అమూల్య వెనక్కి తిరిగి చూడనక్కర్లేదు. ఆ చూపు వీపుకు తెలుస్తూనే ఉంటుంది.

డిగ్రీ రెండో ఏడు చదువుతున్న అమూల్య, జ్ఞానమణి మేడం డీటీపీ సెంటర్ నుంచి పెళ్ళిపత్రికలు, కరపత్రాలు తెచ్చుకుని సాయంత్రాలు ఇంట్లో తెలుగులో టైపు చేసి పెడుతుంది. ఇంట్లో కూర్చుని చేసే పని కాబట్టి తండ్రి శివప్రసాద్ ఒప్పుకున్నాడు. కర్నూలు బజారులో ఆయనకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. "మన ఇండ్లల్లో ఆడోళ్ళు బయటికి పోయి పనిచేసేది లేదు" అన్న ఒక్క మాటతో ఆయన శానా సంగతులు తేల్చేస్తాడు.

"అంత బిరబిరా కొడతాండావేమే? ఇప్పుడేం తుడిపేసినావు?" వెనక నుంచి అడిగింది రాజ్యలక్ష్మమ్మ.

"తప్పు పడింది. తుడిపినా."

"మళ్ళా కొట్టు. నిదానంగా. చూడనీ."

అమూల్య పళ్ళు కొరికింది. "మా, ఇది ఆదోనోళ్ళ పెండ్లిపత్రిక. నేనెవరికో ప్రేమజాబు రాస్తాండానని అనుకుంటాండావా?"

"నేనేమన్నా అన్నానా? కొట్టు."

కాయలన్నీ అయిపోయాయి. అయినా ఆమె లేవలేదు. ఖాళీ చాట అంచు మీద పది వేళ్ళతో టకటకలాడిస్తూ అక్కడే కూర్చుంది. ఈ మధ్యే పట్టుకున్న అలవాటది. వింటుంటే అమూల్యకు ఒళ్ళు మండుతుంది.

ఇంతేనా అంటే, ఇంకొకటి కూడా ఉంది. కాలేజీ నుంచి వచ్చి మానిటర్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటోంది. తను లేనప్పుడు అమ్మ తన ఫైళ్ళన్నీ తిరగేస్తోందన్నమాట!

అందుకే అమూల్య ల్యాప్‌టాప్ కావాలని పట్టుబట్టింది. పాత కంప్యూటర్ ఇస్తే ల్యాప్‌టాప్ ధరలో కొంత తగ్గించే ఆఫరు ఊళ్ళో నడుస్తోంది. నెలాఖరుతో సరి. ల్యాప్‌టాప్ వస్తే గదిలోకి పోయి తలుపేసుకోవచ్చు. వీపు మీద చూపు ఉండదు.

శివప్రసాద్‌కూ నచ్చింది. "హాల్లో ఆ బల్ల, ఆ వైర్లు, ఎవరన్నా వస్తే కూచునేకి చోటు ల్యా. మార్చేద్దాం."

"వద్దు" అంది రాజ్యలక్ష్మమ్మ, ఆయన కంచంలో సంగటిముద్ద పెడుతూ.

"ఎందుకొద్దు?"

"ల్యాప్‌టాపంటే ఈ పిల్ల ఒళ్ళో పెట్టుకోని గదిలోకి పోతాది. నాకు కనపడదు. ఇదైతే ఈడనే ఉంటాది."

"చూసినావా నాన్నా? నోటితోనే చెప్పింది!" అమూల్య కంచం ముందు నుంచి లేచింది. "పోలీసోళ్ళ మాదిరి నా ఎనకాల కాపలా కాయాల, అంతే!"

"సంగటి వండేదానికి నీకెందుకే కంప్యూటర్ల సంగతి?" అన్నాడు శివప్రసాద్.

మరుసటి రోజు ఆఫరు అంగడి నుంచి దాసన్న వచ్చాడు. శివప్రసాద్ వంగి ఒక్కో వైరూ పీకాడు. రాజ్యలక్ష్మమ్మ నింపాదిగా వచ్చి, పీకిన వైర్లన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ తగిలించి, స్విచ్చి వేసి, బల్లకు అడ్డంగా నిలబడింది. దసరాకు తను పెట్టిన కుంకుమబొట్టుతో మానిటర్ ఆమె వెనక వెలిగింది.

"మళ్ళొస్తాలే అన్నా" అని దాసన్న జారుకున్నాడు.

అమూల్యకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "అయితే నువ్వే పెట్టుకో దాన్ని! ఇంక నేనా కుర్చీలో కూచుంటే అడుగు. ఆ పత్రిక గూడా సగంలోనే ఉండాది. చేయనని మేడంకు నువ్వే చెప్పుకో!"

"చెప్తాలే" అంది తల్లి.

అమూల్య అన్నమాట నిలబెట్టుకుంది. కంప్యూటర్ వైపే పోలేదు. అయినా కాలేజీ నుంచి వచ్చి చెయ్యి పెట్టి చూస్తే మానిటర్ వెచ్చగానే ఉంది. ఇంకా ఏం వెతుకుతోందో ఈమె!

నెలాఖరుకు ముందురోజు సాయంత్రం రాజ్యలక్ష్మమ్మ ఆ పత్రిక కాగితాలు, పెన్‌డ్రైవు సంచిలో వేసుకుంది. "ఇవి మేడంకు ఇచ్చొస్తా."

"దాంట్లో సగమే ఉండాది" అంది అమూల్య ముఖం తిప్పుకుని.

ఆమె విననట్టే వెళ్ళింది. తిరిగొచ్చి చెప్పులు విడుస్తూనే, "రేపు దాసన్నను రమ్మనండి. మార్చుకోండి" అంది.

తండ్రీ కూతుళ్ళు ముఖాలు చూసుకున్నారు. గెలిచానని అమూల్యకు ఆ రాత్రి కంటి నిండా నిద్ర పట్టింది.

పొద్దున దాసన్న మానిటర్‌ను అట్టపెట్టెలో సర్దుతున్నాడు. వాకిట్లో ఆటో ఆగింది. అందులో జ్ఞానమణి మేడం ఉంది. రాజ్యలక్ష్మమ్మ గంజి పెట్టిన నూలుచీర కట్టి, టిఫిన్ డబ్బా పట్టుకుని లోపలి నుంచి వచ్చింది.

"యాడికే, పొద్దున్నే?" అన్నాడు శివప్రసాద్.

ఆమె ఆగలేదు. చెప్పులు తొడుక్కుని, గడప దాటి, పోయి ఆటోలో కూర్చుంది.

అమూల్య వాకిట్లోకి పరిగెత్తింది. "మేడం! అమ్మను యాడికి పిల్చుకోని పోతాండారు?"

"మా సెంటర్‌కే. ఈ రోజు నుంచి టైపింగుకు అక్కే వస్తాది."

"అమ్మకు టైపింగా? ఎవరు నేర్పించినారు?"

ఆటో కదిలింది. రాజ్యలక్ష్మమ్మ ముందుకే చూస్తోంది. ఒళ్ళో ఉన్న టిఫిన్ డబ్బా మూత మీద ఆమె పది వేళ్ళూ టకటకలాడుతున్నాయి. జ్ఞానమణి బయటికి తల పెట్టి నవ్వింది.

"నువ్వేనంట కదమ్మా!"