ముందు సీటు

మిల్లు బస్సులో ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడ మెళ్ళో కార్డు లేదు.

మాధురి బస్సును గేటు దగ్గరే ఆపించింది. ఆమె ఆ స్పిన్నింగ్ మిల్లులో హెచ్ఆర్ మేనేజరుగా కొత్తగా చేరింది.

ఆవిడెవరని డ్రైవరు బుడేని అడిగింది. పిచ్చమ్మ అని, రోజూ వస్తుందని అతను చెప్పాడు.

ఏం పని చేస్తుందని అడిగింది. ఏ పనీ చేయదన్నాడు. పొద్దున అమ్మాయిలతో వస్తుంది. సైకిళ్ళ షెడ్డులో కూర్చుంటుంది. తను తెచ్చుకున్న కారియరు తింటుంది. చీకటి పడ్డాక అమ్మాయిలతోనే వెళ్ళిపోతుంది.

"మీవాళ్ళెవరైనా ఇక్కడ పనిచేస్తున్నారా అండీ?" అని మాధురి ఆవిడనే అడిగింది.

"లేదమ్మాయ్."

"మరెందుకు వస్తున్నారు?"

"చూద్దామని."

"ఏం చూస్తారు?"

"కనపడ్డవన్నీ చూస్తా. నిన్న నువ్వు సూపర్‌వైజర్ని కేకలేశావు. అదీ చూశా."

బస్సులో అమ్మాయిలు నవ్వారు.

మాధురికి ఒళ్ళు మండింది. బస్సు పనివాళ్ళ కోసమేనని, రేపట్నుంచి కార్డు లేనివాళ్ళను ఎక్కించుకోవద్దని బుడేకి అందరికీ వినపడేలా చెప్పింది.

"సరేనమ్మాయ్," అంది పిచ్చమ్మ.

ఆ బస్సు మిల్లుకు ప్రాణం. మనుషులు దొరక్క సగం మిషన్లు ఆగిపోతే ఓనరు చైతన్యకృష్ణ దాన్ని కొన్నాడు. నల్లపాడు అవతలి ఊళ్ళో ఇంటర్ అయ్యి ఇంట్లో కూర్చున్న అమ్మాయిలు చాలామంది ఉన్నారు. మొదటిరోజు ఊళ్ళో ఎవరో బస్సుకు అడ్డం పడ్డారట, ఖాళీగా తిరిగొచ్చిందట. తర్వాత బస్సులో కెమెరా పెట్టించారు. బస్సు నిండింది. కెమెరా వల్లే నిండిందని ఆఫీసులో అందరి నమ్మకం. మాధురికీ అదే చెప్పారు.

మర్నాడు బస్సులోంచి ఆరాధన అనే అమ్మాయి ఒక్కతే దిగింది.

మిగతావాళ్ళేరని మాధురి అడిగింది. ఇళ్ళల్లో పంపలేదని ఆరాధన చెప్పింది. ఆ తర్వాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మేడం, మా అమ్మ ఫోన్ చేస్తే పిచ్చమ్మ వచ్చిందని చెప్పరా? నేనలా చెప్పే వచ్చాను."

మధ్యాహ్నానికి చైతన్యకృష్ణ కబురు పెట్టాడు. సోమవారానికల్లా మిషన్లు తిరగకపోతే బస్సు అమ్మేసి, కాంట్రాక్టరుతో బయటి రాష్ట్రం మనుషుల్ని తెప్పిస్తానన్నాడు. అమ్మాయిల సంగతేమిటని మాధురి అడిగింది. రానివాళ్ళను నేనేం చేయనని అతను అడిగాడు.

సాయంత్రం ఆరాధనను దింపే బస్సులోనే మాధురి ఊళ్ళోకి వెళ్ళింది.

ఒక్కో ఇంటి ముందూ ఆగి కెమెరా గురించి చెప్పింది. బస్సు ఎక్కడుందో ఫోన్లో చూసుకోవచ్చని చెప్పింది. తల్లులు మంచినీళ్ళిచ్చి అంతా విన్నారు. విని అందరూ ఒకటే అడిగారు.

"పిచ్చమ్మ వస్తుందా?"

పిచ్చమ్మ వాకిట్లో గోంగూర ఒలుస్తోంది. మాధురిని చూసి ముక్కాలి పీట తన పక్కకు జరిపింది.

మాధురి కూర్చుంది. తప్పయిపోయిందంది. బ్యాగులోంచి కొత్త కార్డు తీసిచ్చింది. దాని మీద పిచ్చమ్మ పేరు, మిల్లు ముద్ర ఉన్నాయి. ఫోటో బస్సు కెమెరాలోది. జీతం కూడా ఇస్తామంది.

పిచ్చమ్మ కార్డును చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని చూసింది.

"ముక్కు బాగా పడింది," అంది.

చూసి, తిరిగి మాధురి ఒళ్ళో పెట్టింది.

"ఇది మెళ్ళో వేసుకుంటే నేను మీ మనిషినైపోతానమ్మాయ్. అక్కడంతా బాగుందని నేను చెబితే ఇంకెవరు నమ్ముతారు?"

మాధురి కార్డు బ్యాగులో పెట్టుకుంది.

"మరి వస్తారా?"

"ఊరికే కూర్చోడానికైతే వస్తా. ముందు ఆ బాత్రూం గడియ పెట్టించు. ఒక పిల్ల లోపలికెళ్తే ఇంకో పిల్ల తలుపు పట్టుకు నిలబడుతోంది."

ఆ సంగతి మాధురికి తెలియదు. అక్కడ్నుంచే మిల్లుకు ఫోన్ చేసింది. గడియ బిగించి ఫోటో పంపమంది. ఫోటో వచ్చేదాకా పిచ్చమ్మతో కలిసి గోంగూర ఒలిచింది.

"నీకు ఒలవడం రాదు," అంది పిచ్చమ్మ, ఫోటో చూశాక. "ఇక పో. పొద్దున వస్తాం."

తెల్లవారి బస్సు నిండుగా వచ్చింది. సీట్లు చాలక ఇద్దరు ముగ్గురు నిలబడే వచ్చారు. ముందు సీట్లోంచి పిచ్చమ్మ కారియరుతో దిగి, తిన్నగా బాత్రూం వైపు వెళ్ళింది. గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసింది. ఆ తర్వాత సైకిళ్ళ షెడ్డులోకి వెళ్ళి కూర్చుంది.

మాధురికి హుషారొచ్చింది. మొదటిరోజు బస్సుకు అడ్డం పడ్డవాళ్ళెవరో కనుక్కోమని బుడేకి చెప్పింది. వాళ్ళింటికీ వెళ్ళి మాట్లాడొస్తే ఊళ్ళో ఇక వంకలుండవంది.

బుడే సైకిళ్ళ షెడ్డు వైపు చూశాడు.

"కనుక్కునేదేముంది మేడం," అన్నాడు. "పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోతున్నావో నేను చూడందే ఒక్కదాన్నీ ఎక్కనివ్వనని బస్సు ముందు చాప పరుచుకు కూర్చుంది ఆవిడేనండి."