కింది వాటా చీపురుకర్ర

"నీ గిన్నెల మోతలో ఏముంది? కిందినుంచి వినిపించే ఆ పోట్లే అసలు సంగీతం. రేపటి పరీక్షలో అవి లేకపోతే పాసు చెయ్యను," అన్నాడు, ఇంట్లో వాయించి చేసిన నా రికార్డింగు విన్న సంగీతం ప్రొఫెసర్.

ఇటలీలోని మా బోలోన్యాలో మధ్యాహ్నపు కునుకు చెడగొడితే ఎవరూ ఊరుకోరు. ఆ చప్పుళ్లు, నా మోత ఆపమని మా కింది వాటా ఇయోలాందా గారు చీపురుకర్రతో తన పైకప్పును పొడిచిన పోట్లు.

మర్నాడు పరీక్షకి బతిమాలి, చీపురుతో సహా ఆవిడను వేదిక ఎక్కించాను.

"కోపం రాందే నా చెయ్యి లేవదే," అందావిడ.

"నేను తెప్పిస్తాగా పిన్నిగారూ!"

మూకుళ్లు, మూతలు వాయించాను. చీపురు కదల్లేదు. చూస్తే ఆవిడ కళ్లు మూసుకుని తలూపుతోంది.

"మధ్యలో ఆ పైకప్పు లేకపోతే ఎంత బావుందే తల్లీ!"

పోట్లేవని ప్రొఫెసర్ మండిపడి బల్లను దబదబా బాదసాగాడు. భయంతో నా చేతులు ఆగిపోయాయి.

ఆవిడ చీపురుకర్రతో నన్నొక పోటు పొడిచింది.

"ఆపకే! ఆయనకి కోపం భలే తాళంలో వస్తోంది!"