కంప్యూటర్ మీద అక్షింతలు

"విప్పి సూసేదేముందప్పా? దీంట్లో లెక్కలు రాసే ఆ సుగుణే నీళ్లు పోసింటాది. అందుకే నిన్న పనిలోంచి తీసేసినా," అన్నాడు ఆదోని పత్తి వ్యాపారి గుండయ్యశెట్టి.

మెకానిక్ రంగనాథ కంప్యూటర్ డబ్బా తెరిచాడు. లోపలి ఫ్యాను ఊడదీసి కాగితం మీద బోర్లించాడు. పసుపు బియ్యం జలజలా రాలాయి.

"నీళ్లు కాదన్నా, అక్షింతలు. ఫ్యానుకు అడ్డం పడినాయి. గాలాడక లోపల కాలిపోయింది. దీనికి పూజ సేసిందెవరు?"

దసరాకు ఆయుధపూజ చేసింది శెట్టే. కాటాకు, పత్తిగింజలు తీసే జిన్నింగు మిషన్లకు చల్లినట్టే కంప్యూటర్ వెనక సందుల్లోకీ గుప్పెడు చల్లాడు. "లోపలికి పోతాయయ్యా" అంటూ సుగుణ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతిని విసిరికొట్టాడు.

"నిన్నయినా ఆ పిల్ల ఈ మాట సెప్పలేదా అన్నా?"

"సెప్పనీలేదప్పా."

శెట్టి లేచి చెప్పులు వేసుకున్నాడు.

"యాడికన్నా?"

"ఎమ్మిగనూరుకు. ఆ పిల్ల ఇంటికి."

"గుమాస్తాను పంపితే పిల్సుకొస్తాడు గదా?"

"నిన్న వాళ్ల నాయన్ను పిలిపించి, ఆయన ముందరే తిట్టినానప్పా. తప్పు నాదని ఆయన ముందరే సెప్పుకోవల్ల."