మూడో అంతస్తుకి

లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

ఆ అమ్మాయి తూలి పక్కనున్న రేకును పట్టుకుంది. లిఫ్టు ఎక్కడం ఆమెకు ఇదే మొదటిసారి. చంకలో సర్టిఫికెట్ల ఫైలు, చేతిలో బట్టల సంచి. ఎదురుగా ఊచల గేటు. గేటు అవతల జానెడు దూరంలో గోడ. కింది అంతస్తూ కనబడదు, పై అంతస్తూ కనబడదు.

లోపల తనతో ఉన్నది ఒక్క ముసలమ్మే. పెద్ద బజారులోని ఆ పాత మేడను ఊడ్చే మనిషి. లిఫ్టు బయల్దేరబోతుంటే, "ఉండు పిల్లా, మూడో అంతస్తేనా?" అంటూ బకెట్టుతో సహా దూరింది. గేటు తనే లాగి, దానికి వీపు ఆనించి కింద చతికిలబడింది.

"అవ్వా, ఆగిపోయింది!"

"తెలుస్తోందిలే. ఇదీ నాలాగే ముసలిదైంది. మధ్యలో ఆయాసం తీర్చుకోవద్దూ?"

అమ్మాయి మూడో అంకె ఉన్న మీటను నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఫోను చూసుకుంది. సిగ్నల్ లేదు.

పదింటికి వ్యాను వెళ్ళిపోతుంది. ఆలస్యమైతే నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని మూడో అంతస్తు ఆఫీసు మేడమ్ ముందే చెప్పింది. పరాయి దేశంలో, పెద్దవాళ్ళింట్లో చిన్నపిల్లల్ని ఆడించే పని. నాన్న పోయాక అమ్మా తనూ మామయ్య పంచన చేరారు. అక్కడ ప్రతి ముద్దా అత్త ముఖం చూసి మింగాలి. ఆ ఇంట్లోంచి బయటపడటానికి ఆమెకు దొరికిన దారి ఇదొక్కటే.

కింది నుంచి వాచ్‌మన్ కేక వినిపించింది. "ఏయ్ ముసలీ! గేటు సరిగ్గా వేశావా?"

"ఒరేయ్, నువ్వు లాగు వేసుకోవడం నేర్వకముందు నుంచీ వేస్తున్నా ఈ గేటుని! పోయి మెకానిక్కుని పిలు!"

వాచ్‌మన్ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

"ఆ మెకానిక్కు ఎప్పుడొస్తాడవ్వా?"

"టీ తాగి వస్తాడు. కూర్చో."

"కూర్చోలేను. వ్యాను వెళ్ళిపోతుంది."

"నువ్వు నిలబడితే అది మాత్రం ఆగుతుందా?"

ఫ్యాను తిరగడం లేదు. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. గేటు అవతలి గోడ మీద రంగులు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉన్నాయి. ముసలమ్మ వెనక్కి తిరక్కుండానే బొటనవేలితో అటు చూపించింది.

"అడుగున ఆకుపచ్చ రంగుంటుంది చూడు. అది గడియారాల కొట్టప్పటిది. నేను మా అమ్మ వెంట వచ్చేదాన్ని. ఊడిస్తే చేటలోకి చిన్న చిన్న మరలూ స్ప్రింగులూ వచ్చేవి. తర్వాత నర్సింగ్ హోమ్ పెట్టారు. ఈ లిఫ్టు వాళ్ళదే. అప్పుడంతా దూది. వెనక సందులోకి మెట్లు కట్టిందీ వాళ్ళే. ముందు గుమ్మంలోంచి తీసుకెళ్ళడానికి వీల్లేని వాళ్ళని అటు దించేవాళ్ళు."

వ్యాను ఆగేది ఆ వెనక సందులోనే.

"ఆ తర్వాత టైపు నేర్పేవాళ్ళు వచ్చారు. ఉండ చుట్టిన కాగితాలే కాగితాలు. తర్వాత లాడ్జి." ముసలమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "విరిగిన గాజులు ఊడ్చాను. నా పని ఊడవడమే కదా అని ఊడ్చేశాను."

"ఇప్పుడేం ఊడుస్తున్నావు?" అమ్మాయి విసుగ్గా అడిగింది.

ముసలమ్మ చిటికెనవేలి గోరు చూపించింది. "ఇదిగో, ఇంతింత ముక్కలు. ఫోన్లలో పెట్టుకుంటారే, ఆ సిమ్ములు. రెండుగా విరిచి పారేస్తారు. వ్యాను వెళ్ళిన రోజు చేటనిండా అవే."

"అక్కడ కొత్త నంబర్లు ఇస్తారట."

"ఇస్తారా? మరి ఆ కొత్త నంబరు నుంచి ఎవరైనా ఇంటికి చేశారా?"

అమ్మాయి ఫైలును చంకలో ఇంకా గట్టిగా అదుముకుంది. వాళ్ళ వీధి దర్జీ కూతురు పోయినసారి వ్యానులో వెళ్ళింది. ఇంతవరకూ ఒక్క ఫోనూ లేదు. ఆ సంగతే ఎత్తి అమ్మ వద్దంటే, "అయితే నువ్విక్కడే మగ్గిపో" అని విసురుగా వచ్చేసింది. వద్దన్నవాళ్ళందరిదీ ఆమె లెక్కలో కుళ్ళే.

"నేను బాగుపడితే ఎవరూ ఓర్వలేరు. నువ్వూ అంతే!" అంది ఏడుపు గొంతుతో.

"నాకెందుకే కుళ్ళు? రమ్మంటే నేనూ పోదును. ఆ మేడమ్‌కి నా బోసినోరు నచ్చలేదు."

అమ్మాయికి నవ్వు రాలేదు. సంచి కింద పడేసింది.

"జరుగవ్వా! గేటు తీస్తాను. ఎలాగో పాక్కుంటూ ఎక్కుతాను."

"ఎక్కడికి పాకుతావు, గోడలోకా?" ముసలమ్మ అంగుళం కూడా కదల్లేదు. "మోకాళ్ళు పట్టేశాయి తల్లీ, లేవలేను."

అప్పుడే గోడ వెనక నుంచి ఇంజన్ చప్పుడు వచ్చింది. హారన్ మోగింది. ఎవరినో పిలుస్తున్నట్టు ఇంకోసారి మోగింది.

"ఆపండి! వస్తున్నా! మేడమ్, వస్తున్నా!"

ఆమె అరుపు ఆ గూట్లోనే తిరిగి తిరిగి ఆమె చెవుల్లోనే పడింది. ఇంజన్ చప్పుడు సందు పొడవునా జరిగి, పలచబడి, రోడ్డు రొదలో కలిసిపోయింది.

అమ్మాయి గోడకి జారగిలబడి కూలిపోయింది. ఫైలు జారి కాగితాలు చెల్లాచెదరయ్యాయి. "నా బతుకింతే. ఇక ఆ ఇంట్లోనే," అని మోకాళ్ళలో తల దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ముసలమ్మ ఓదార్చలేదు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, ఇంతసేపూ తన వీపు అడ్డం పెట్టి వేలెడంత తెరిచి ఉంచిన గేటును టక్కున మూసి కింది మీట నొక్కగానే, లిఫ్టు ఏ జబ్బూ లేనట్టు దిగసాగింది.