ఇరవై సూదులు

డిగ్రీ చదివి దర్జీ పిన్ని కొట్లో ఊసుపోక కబుర్లాడుతున్నానని అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది. రోజూ పొద్దున్నే పిన్నికి ఇరవై సూదుల్లో దారం ఎక్కించి వస్తున్నానని నేను చెప్పలేను. ఆమెకు చూపు తగ్గిందని తెలిస్తే ఆ కొట్టు గడప ఎవరూ తొక్కరు.

ఇవాళ, పిన్ని మొన్న కుట్టిచ్చిన కోటు అమ్మ నా ఒళ్లో పడేసింది.

"కాజా ఒకచోట, గుండీ ఇంకోచోట! నీ నేస్తమేగా, వెళ్లి ఆవిణ్ణి కడిగెయ్."

వెళ్లాను. నిన్న నేను ఎక్కించిన దారాలు ఇరవై సూదులకూ అలాగే వేలాడుతున్నాయి.

"ఇంక ఎక్కించకే తల్లీ," అంది పిన్ని. "సూది సంగతి సరే, గుడ్డే కంటికి ఆనడం లేదు."

కోటు కుట్లు విప్పుతూ కూర్చున్నాను.

నాకు గుండీ కుట్టడమే సరిగ్గా రాదు. రేపటి నుంచి కాజాలు నేనే కుడతాను. పిన్ని కుట్టిందనే చెబుతాను.