గూట్లో ఇద్దరు

"ఈ ఆదివారం నానూ వత్తాను బావా," అంది గౌరీశ్వరి.

శ్రీరామ్మూర్తి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అక్కడేటుందని? కొండలు, తుప్పలు, సొరంగాలు. ఆడోల్లొచ్చే సోటు కాదు."

"ఏటీ లేకపోతే నెలనెలా నువ్వెందుకెల్తన్నావ్?"

ఆమె గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచదు. కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆమె మాట పక్క మనిషిని దాటి పోలేదు. పోయే వీలు లేని ఇల్లు అది. కంచరపాలెంలో పెంకుటింటి వాటా. రెండు వాటాల మధ్య గోడ పైకప్పు దాకా లేదు. ఇటు దగ్గితే అటునుంచి జోగమ్మ "జొరమేటి?" అని అడుగుతుంది. ముందు గదిలో శ్రీరామ్మూర్తి తల్లి కాశమ్మ. ఆమె నిద్రపోయినా ఆమె చెవులు నిద్రపోవు.

శ్రీరామ్మూర్తి హార్బరు దగ్గర ఓడల ఏజెంటు ఆఫీసులో గుమస్తా. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా శంకుస్థాపన రాయి దగ్గరే ఉన్న రోజులు. ఆఫీసు కుర్రాళ్లకి అప్పుడే ఒక కొత్త సరదా పట్టుకుంది. సెలవొస్తే టార్చిలైట్లు పట్టుకుని బొర్రా గుహల్లో దూరడం, కొండల్లోంచి పోయే కిరండూల్ రైలు లైను సొరంగాల్లో నడవడం. ఒకసారి శ్రీరామ్మూర్తీ వాళ్ల వెంట వెళ్లాడు. వాళ్లకి ఆ సరదా తీరిపోయింది. అతనికి తీరలేదు.

"బయపడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని మరీ ఎల్తావేటి బావా?" అనేవాడు పక్క సీటు జలీల్. "మా ఇంటికొచ్చీ. మా బీబీ ఫ్రీగా బయపెడతాది!"

"గాలి మార్పు," అనేవాడు శ్రీరామ్మూర్తి.

నిజం అది కాదు.

సొరంగం గోడలో అక్కడక్కడా గూళ్లుంటాయి. బండి వచ్చినప్పుడు లైను మీద పనిచేసేవాళ్లు తప్పుకుని నిలబడడానికి. మొదటిసారి వెళ్లినప్పుడు హార్బరుకి ఇనప రాయి మోసుకొచ్చే గూడ్సు వచ్చింది. తలా ఒక గూట్లో దూరారు. మోతకి కొండ అదిరిపోయింది. అప్పుడు అతని నోరు దానంతట అదే తెరుచుకుంది. అరిచాడు. చివరి పెట్టె దాటేదాకా అరిచాడు. ఎవరి మీదా కోపం లేదు. అందులో మాటే లేదు. ఒట్టి అరుపు. తన అరుపు తనకే వినపడలేదు.

ఆ రాత్రి, చాలా ఏళ్ల తర్వాత, నిద్ర పట్టింది.

ఇక అందుకోసమే వెళ్లేవాడు. తిరిగొచ్చేసరికి గొంతు పోయేది. మర్నాటి దాకా గాలే తప్ప మాట రాదు. సొరంగంలో దుమ్మని సైగలు చేసేవాడు. గౌరీశ్వరి ఇంకేమీ అడక్కుండా మిరియాల పాలు కాచి ఇచ్చేది.

ఇప్పుడు ఆ గూటికే వస్తానంటోంది. పెళ్లాం ముందు నోరు తెరిచి ఎలా అరుస్తాడు? వినపడకపోయినా కనపడుతుంది. ఉన్న ఒక్క చోటూ పోతుంది.

"తీసుకెల్రా," అంది కాశమ్మ ముందు గదిలోంచి. "పెల్లయ్యాక దాన్నెక్కడికి తిప్పేవు గనక?"

గోడ అవతల జోగమ్మ "అదీ మాట!" అంది.

ఆదివారం ఇద్దరూ పాసింజరు ఎక్కారు.

"గూడ్సు మొత్తం దాటడానికి శానాసేపు పడతాదా బావా?"

"పడతాది. అది శానా పొడుగు."

"ఆకరి దాకా మోత అంతే ఉంటాదా?"

"అంతే. బయంగా ఉంటే సెప్పు, కొత్తవలసలో దిగిపోదాం."

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఘాటులో ఒక చిన్న స్టేషన్లో దిగి పట్టాల వెంట నడిచారు. ఆమెను వేరే గూట్లో నిలబెట్టాలని అతని ఆశ. మిగిలిందదొక్కటే. సొరంగం మొదట్లో తెలిసిన గేంగుమన్ ఎదురొచ్చాడు.

"ఈసారి అమ్మగార్నీ తెచ్చారేటి బాబూ! గూడ్సు వత్తంది, బేగెల్లండి. ఇద్దరూ ఒక గూట్లోనే ఉండండి. సీకట్లో ఒక్కర్తినీ వదిలీకండి, బెదిరి పట్టాల మీదికొచ్చెత్తారు."

గూడు ఒక మనిషికి సరిపోయేంతే ఉంది. ఇద్దరూ ఇరుక్కున్నారు. రాయి చెమ్మగా వీపుకి తగులుతోంది. ముందుకి కదిలితే పట్టాలు. పక్కకి కదిలితే గౌరీశ్వరి. ఇంట్లో ఉన్నట్టే ఉంది.

"గోడవేపు తిరుగు. కల్లల్లో దుమ్ము పడతాది," అన్నాడు.

ఆమె తిరిగింది.

పట్టాలు గుయ్యిమన్నాయి. గాలి ముందొచ్చింది. వెనకే డీజిలు ఇంజను, దాని వెనక పెట్టెలు. అతని పొట్టలోంచి అరుపు లేచింది. పళ్లు బిగించి మింగాడు. మళ్లీ లేచింది. మళ్లీ మింగాడు. కళ్లు మూసుకున్నాడు. రెండు చెవులూ అరచేతులతో నొక్కుకున్నాడు. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె. తనని ఆనుకున్న గౌరీశ్వరి ఒళ్లంతా వణికిపోతోంది. పాపం, జడుసుకుందనుకున్నాడు. పట్టుకుందామంటే చెయ్యి చాపే చోటు లేదు.

బండి వెళ్లిపోయింది. పొగ మిగిలింది. ఆమె ఇంకా గోడకి నుదురు ఆనించే ఉంది. ఇవతలికి తిప్పి చూస్తే మొహమంతా కన్నీళ్లు.

"సెప్పేనా, రావద్దని?"

ఆమె మాట్లాడలేదు. తిరుగు బండిలోనూ మాట్లాడలేదు. కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. కోపమొచ్చిందనుకున్నాడు. ఇంటికొచ్చాక అతనికి నిద్ర పట్టలేదు. మింగిన అరుపు గుండెలో రాయిలా కూర్చుంది.

తెల్లారి లేచేసరికి గౌరీశ్వరి వంటింట్లో మిరియాలు దంచుతోంది.

"నాకెందుకవి? నా గొంతు బాగానే ఉంది," అన్నాడు. నిజంగానే గొంతు ఖణీమని పలికింది. "కోపం మానీ. ఇంకెప్పుడూ అటెల్లనులే."

గౌరీశ్వరి పాలగ్లాసు తన వైపే లాక్కుని, "నీక్కాదు బావా" అనబోయింది కాని, గాలే తప్ప మాట రాలేదు.